పులిసిన పిండితో రొట్టె

రాత్రి కలిపిపెట్టిన ఇడ్లీ పిండి తెల్లారేసరికి పొంగి గిన్నె అంచు దాటడం మనకు కొత్తేం కాదు. సవర్‌డో రొట్టె కిటుకూ అదే. కొన్న ఈస్టు అక్కర్లేదు. పిండిలో సహజంగా ఉండే ఈస్టు, లాక్టిక్ ఆమ్ల బాక్టీరియా చాలు. 1849లో బంగారం వేటకు శాన్‌ఫ్రాన్సిస్కో చేరినవాళ్ల రొట్టె ఇదే.

ముందు తోడు కోసం గాజు సీసాలో 50 గ్రాముల గోధుమపిండి, 50 గ్రాముల నీళ్లు కలపండి. రోజూ సగం తీసేసి, ఆ మేరకు కొత్త పిండి, నీళ్లు మేతగా చేర్చండి. రెండు మూడు రోజులకు బుస్సుమని పొంగి, ఆపైన చల్లబడిపోతుంది. చచ్చిందనుకుని పారబోయకండి, నేనోసారి పారబోసి నాలిక్కరుచుకున్నాను. వారం పది రోజులకు, మేత వేసిన కొన్ని గంటల్లోనే రెట్టింపై పుల్లపెరుగు వాసన వస్తుంటే తోడు సిద్ధమైనట్టే.

అరకిలో పిండికి 350 గ్రాముల నీళ్లు, 100 గ్రాముల తోడు, 10 గ్రాముల ఉప్పు కలిపి, పొంగేదాకా పులియనివ్వండి. మన ఎండలకు త్వరగా పులుస్తుంది, గడియారాన్ని నమ్ముకోకండి. ఓవెన్‌లో 230 డిగ్రీల దగ్గర బాగా కాగిన ఇనుప గిన్నెలో ముద్ద వేసి, 20 నిమిషాలు మూతతో, మరో 20 మూత తీసి కాల్చండి. కోయడానికి మాత్రం గంట ఆగండి. వేడిమీద కోస్తే లోపల జిగురుగా ఉంటుంది.