మంత్రి గారి జవాబు - మన అర్జీ
(పురానాపూల్‌లో పాల సంఘాల సభ్యుల సమావేశంలో సహకార ఇన్‌స్పెక్టర్ చేసిన ప్రసంగ పాఠం)



మనం కూర్చున్న చోటికి పక్కనే ఉన్న వంతెన 1578లో, ఇబ్రహీం కుతుబ్‌షా ఏలుబడిలో కట్టినది. 1908 సెప్టెంబరు 28న మూసీకి వరద వచ్చినప్పుడు అఫ్జల్‌గంజ్, ముసల్లం జంగ్, చాదర్‌ఘాట్ వంతెనలు కొట్టుకుపోయినవి. ఇది నిలిచింది. ఆ వరదలో వేలమంది చనిపోయారు. అప్పటి దివాను మహారాజా కిషన్ పర్షాద్ గారు జవాబు చెప్పుకోవలసినది ఒక్క నిజాం ప్రభువుకే. ప్రభుత్వం ఊరకున్నదని మేము అనడం లేదు. మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించారు, 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి చేయించారు. అయితే ఇల్లు కొట్టుకుపోయిన మనిషి “ఈ పని ముందే ఎందుకు చేయలేదు” అని అడగాలంటే, అడగడానికి సభ లేదు.

ఇంకొక వంతెన సంగతి మనవి చేస్తాము. 1956 సెప్టెంబరులో మహబూబ్‌నగర్ దగ్గర రైలు వంతెన కూలి నూరుమందికి పైగా మరణించారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే ప్రధాని నెహ్రూ గారు ఒప్పుకోలేదు. నవంబరులో మద్రాసు రాష్ట్రంలో అరియలూరు దగ్గర మళ్ళీ ప్రమాదం జరిగింది. శాస్త్రి గారు మళ్ళీ రాజీనామా ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. తప్పు శాస్త్రి గారిదని కాదు, శాఖలో జరిగినదానికి మంత్రే బాధ్యుడన్న సంప్రదాయం నిలవాలని నెహ్రూ గారి భావం. ఆ శాస్త్రి గారే ప్రధానిగా 1964 అక్టోబరులో గుజరాత్‌లోని అజర్‌పురా గ్రామంలో ఒక రాత్రి ఉండి పాలు పోసే రైతులతో మాట్లాడారు. మరుసటి ఏడే జాతీయ పాడి అభివృద్ధి సంస్థ ఏర్పడింది. మన సంఘాలవారికి ఈ రెండవ కథ బాగా తెలుసు, మొదటిది చెప్పేవారు తక్కువ.

రాజీనామా గొప్ప విషయమే. అయినా దానితో కూలిన వంతెన లేవదు. పాలు పోసేవారికి పనికివచ్చేది సభలో మంత్రి చెప్పే మామూలు జవాబు. రాజ్యాంగం 164వ అధికరణం ప్రకారం రాష్ట్ర మంత్రివర్గమంతా ఉమ్మడిగా శాసనసభకు బాధ్యత వహించాలి. మీ ఎమ్మెల్యే నక్షత్ర గుర్తు ప్రశ్న వేస్తే మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలకు కూడా తయారుగా ఉండాలి. గుర్తు లేని ప్రశ్నకు రాతమూలకంగా జవాబు వస్తుంది. “పరిశీలించి చేస్తాము” అని మంత్రి అంటే అది హామీ. హామీలు నెరవేరినవా లేదా అని చూడడానికి వేరే కమిటీ ఉంటుంది. లోక్‌సభలో అయితే హామీకి మూడు నెలల గడువు.

ఇక్కడ మనవాళ్ళు చేసే పొరపాటు ఒకటి ఉన్నది. అర్జీ ఎవరి శాఖకు పోవాలో చూడరు. పాల ధర, ప్రోత్సాహకం, పశువుల డాక్టరు - ఇవి పశుసంవర్ధక మంత్రి గారివి. కాటా తప్పు తూగితే అది తూనికలు, కొలతల శాఖ పని. పాల లారీ రాలేని బాట పంచాయతీరాజ్ వారిదా, రోడ్లు భవనాల వారిదా అన్నది ముందే కనుక్కోవాలి. కల్తీ విషయం ఆహార భద్రత అధికారులది, వారు ఆరోగ్యశాఖ కింద ఉంటారు. నాలుగూ కలిపి ఒకే కాగితం మీద రాస్తే నలుగురూ “మాది కాదు” అంటారు, అందులో అబద్ధం కూడా ఉండదు.

కల్తీ మాట వచ్చింది గనుక చెబుతాము. 2018లో దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్షించగా 12 కల్తీవని తేలినవి. 2019లో బయటపెట్టిన ఆ నివేదికలో ఆ 12లో 9 తెలంగాణవి. లెక్క చిన్నదే, పేరు మాత్రం మొత్తం రాష్ట్రానికి వచ్చింది. ఆ పాలు ఎక్కడివి, ఎవరి మీద చర్య తీసుకున్నారు అని సభలో అడిగించవలసింది స్వచ్ఛంగా పాలు పోసే మనమే. అదే పరీక్షలో కొన్ని నమూనాలలో అఫ్లటాక్సిన్ కూడా కనబడింది. అది బూజు పట్టిన దాణా తిన్న గేదె పాలలోకి వస్తుంది. దాణా నాణ్యత ఎవరు చూస్తున్నారన్నది మరొక ప్రశ్న.

మేము తనిఖీకి వెళ్ళిన ఒక సంఘంలో ప్రోత్సాహకం బకాయి గురించి పెట్టిన అర్జీ చూశాము. “మాకు చాలా నెలలుగా అన్యాయం జరుగుచున్నది, దయచేసి న్యాయం చేయగలరు” అని రాశారు. జవాబు ఒక్క ముక్క: “పరిశీలనలో ఉన్నది.” మరి ఆ జవాబులో తప్పేమున్నది? లీటరుకు 4 రూపాయల చొప్పున, రోజుకు 8 లీటర్లు పోసే సభ్యునికి 30 రోజుల నెలకు 960 రూపాయలు అవుతుంది. ఏ నెల నుంచి ఏ నెల దాకా, ఎంతమంది సభ్యులకు, ఎన్ని లీటర్ల మీద, మొత్తం ఎంత రావాలి - ఇవన్నీ పాల రిజిస్టరులోనే ఉన్నవి. కార్యదర్శి గారిని కూర్చోబెట్టి లెక్క తీయించాము, ఒక పూట పట్టింది. ఆ లెక్కతో పాలకవర్గం తీర్మానం చేసి రెండవ అర్జీ పంపింది. ఈసారి పైనుంచి అడిగిన మొదటి మాట, “మీ లెక్కకూ మా లెక్కకూ తేడా ఎందుకు వచ్చింది?” డబ్బు అప్పుడే చేతికి రాలేదు గాని, ఎవరో లెక్క తీసి చూశారు.

ఎమ్మెల్యే గారిని కలిసేది సమావేశాలు మొదలైన తరువాత అయితే ఆలస్యమే. ప్రశ్నకు ముందుగా నోటీసు ఇవ్వాలి. తీర్మానం నకలు, లెక్క నకలు ఆయన చేతికి ఇచ్చి, తారీఖు వేయించుకుని ముట్టినట్టు సంతకం తీసుకోండి. జవాబు రాకపోతే 2005 సమాచార హక్కు చట్టం కింద శాఖను అడగవచ్చు, 30 రోజులలో చెప్పాలి. ఈ కాగితాలన్నీ ఒక ఫైలులో కుట్టి పెట్టండి. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు నగదు పుస్తకంతో పాటు ఆ ఫైలు కూడా అడుగుతాము.