సంకల్పము ఎవరిది?

యజమాని తన గోత్రనామములతో సంకల్పించనిదే ఋత్విక్కు హోమమారంభింపడు. వైద్యపరీక్షలకును ఇదే నియమమని మా తలంపు.

2009లో మన భద్రాచలము, కొత్తగూడెము, తిరుమలాయపాలెము మండలములలో 10 నుండి 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరు నివారణ టీకాను అధ్యయనార్థము వేసిరి. కొందరు బాలికలు మరణించిన పిదప, 2010 ఏప్రిల్‌లో ఆపివేసిరి. ఆ మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకాను మేము నిందింపము, అది ప్రాణరక్షకమే. కాని అనేక అంగీకార పత్రములపై తల్లిదండ్రులకు మారుగా వసతిగృహపు వార్డెన్లు సంతకములు చేసిరి. తండ్రి పోడు చేనిలో ఉండెననుకొందము, కబురంపిన రాడా? కోయభాషలో చెప్పిన తల్లికి తెలియదా? 2013లో పార్లమెంటు స్థాయీ సంఘము ఈ దోషమును తీవ్రముగా ఖండించినది.