కంప్యూటరునకు గాలి, చదువరికి నెమ్మది

(గ్రంథాలయ రజతోత్సవ సభకై సిద్ధపరుపబడిన ప్రసంగ పాఠము)



గ్రంథాలయమునకు పుస్తకములెంత ముఖ్యమో నిశ్శబ్దమును అంత ముఖ్యము. ఒక పఠన మందిరము ఇరువదియైదేండ్లు నిలిచినదనిన, అన్నియేండ్లును చదువరికి చప్పుడు లేని చోటొకటి దొరకినదని అర్థము. నేడు పెక్కు గ్రామములలో ఆ మందిరపు మూలను ఒక కంప్యూటరు కూడ చేరినది. పరీక్షా ఫలితములు, ఉద్యోగ ప్రకటనలు, విద్యార్థి వేతనముల దరఖాస్తులు దానిద్వారానే సాగుచున్నవి. వేసవి ముదిరినకొలది ఆ యంత్రపు పంకాలు గుయ్యిమని మ్రోగును; పని మందగించును; ఒక్కొక్కప్పుడు సగము నింపిన దరఖాస్తుతోకూడ ఆగిపోవును. చదువరికి చప్పుడు బాధ, దరఖాస్తుదారునకు కాలనష్టము. అంతట ఎవరో ఒకరు యంత్రము పాతబడినదని తీర్పు చెప్పుదురు. చందాల సొమ్ముతో క్రొత్తది కొనవలసివచ్చును. ఆ తీర్పు పలుమారు తప్పగుచుండును. చెడినది యంత్రము కాదు, దానికి గాలి వచ్చి పోవు దారి. నేటి ప్రసంగమునకు విషయమదియే.

మాట వట్టి ఊహగా నిలిచిపోకుండుటకు ఒక పేటను ఉదాహరణముగా గైకొనుట మంచిది. హైదరాబాదు పాతబస్తీలో, చార్మినారునకు దక్షిణముగా, చాంద్రాయణగుట్ట చేరువను బార్కస్ అను పేట కలదు. నిజాము ప్రభువుల కాలమున యెమెను దేశపు హద్రమౌత్ ప్రాంతమునుండి వచ్చిన అరబ్బు సైనికుల నివాసములు ఇచట నుండెడివి. సైనికుల బసకు ఆంగ్లములో గల బ్యారక్స్ అను మాటయే జనుల నోట నలిగి బార్కస్ అయినది. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశమున కలిసిన పిమ్మట ఆ సైన్యము లేకపోయినది; వారి సంతతివారు పలువురు ఇచటనే నిలిచిపోయిరి. లుంగీ కట్టు, అరబ్బు వంటకములు, జామపండ్లు ఈ పేటకు పేరు తెచ్చినవి. గల్ఫు దేశములకు బ్రదుకు తెరువునకై పోయినవారి కుటుంబములు ఇచట అనేకము.

ఆ అరబ్బుల పూర్వుల దేశమున షిబాము అను పట్టణము కలదు. 16వ శతాబ్దినాటి ప్రాకారములోపల ఏడంతస్తుల వరకు లేచిన మట్టి మేడలచే అది ప్రసిద్ధి కెక్కినది. 1982లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తించినది. ఆ మేడల మందమైన మట్టిగోడ పగటి యెండను లోనికి త్వరగా దిగనీయదు. ఎండ వెలుపలనుండి వచ్చునపుడు గోడయే రక్ష. కంప్యూటరు విషయమున ఇది తలక్రిందులు. అచట వేడిమి పెట్టెలోపలనే పుట్టుచున్నది. మూసిన గోడ దానిని బయటికి పోనీయక నిలువయుంచును. కావున ఆ పెట్టెకు కావలసినది గోడ కాదు, ద్వారము. ఒకటి కాదు, రెండు.

బార్కస్‌లోని ఒక యింటిని ఊహింపుడు. వైశాఖ జ్యేష్ఠములలో నగరమున ఎండ 40 డిగ్రీలను దాటుట కద్దు. ఒకటే గది. ఒక మూలను మంచముపై దాదీ పగటి కునుకు తీయుచున్నది. నేలపై మనుమరాలు పరీక్షకు చదువుచున్నది. బల్లపైని కంప్యూటరులో పెద్ద కుమారుడు లెక్కలు వ్రాసికొనుచున్నాడు. రాత్రి అయినచో ఆ యంత్రముముందే కూర్చుండి ఇల్లాలు జిద్దాలోనున్న భర్తతో మాటాడును. పంకా రొద హెచ్చినచో దాదీకి కునుకు పట్టదు, పిల్లకు పాఠము తలకెక్కదు, దూరముననున్న వాని మాట వినబడదు. రొద భరింపలేక యంత్రమును ఆర్పివేసినచో కుమారుని పని చెడును. ఒక్క గదిలో నలుగురి అవసరములు ఒక పంకా రెక్కలపై ఆధారపడియున్నవి. పల్లెటూరి పఠన మందిరమును అటువంటి గదియే.

ఇక యంత్రమును చూతురుగాక. బజారులో క్యాబినెట్టు అనియు, ఇండ్లలో సీపీయూ అనియు పిలువబడు ఆ నిలువు పెట్టెలో ప్రాసెసరు, ఎస్.ఎం.పి.ఎస్. అను విద్యుత్ సరఫరా భాగము, కొన్నిట గ్రాఫిక్స్ కార్డు ఉండును. ఆ పెట్టె త్రాగిన విద్యుత్తు దాదాపు అంతయు తుదకు వేడిమిగా మారును. 200 వాట్ల విద్యుత్తు తీసికొను యంత్రము, రెండు నూరు వాట్ల పాతకాలపు బల్బులను పెట్టెలో మూసియుంచినట్లు వేడినిచ్చును. ప్రాసెసరు ఉష్ణోగ్రత దాని రకమునుబట్టి సుమారు 95 లేక 100 డిగ్రీలకు చేరినచో, అది తన్నుతాను కాపాడుకొనుటకై వేగము తగ్గించుకొనును. అప్పటికిని చల్లబడనిచో ఆగిపోవును. వేసవిలో యంత్రము మందగించుటకు పలుమారు ఇదియే కారణము.

ఈ వేడిమిని మోసికొనిపోవునది గాలి. లెక్క సులభము. 200 వాట్ల వేడిమిగల పెట్టెగుండ నిమిషమునకు ఒక ఘనమీటరు గాలి పోవుచున్నచో, ఆ గాలి లోనికి వచ్చినప్పటికంటె సుమారు 10 డిగ్రీలు వేడెక్కి బయటికి వచ్చును. గదిలో 38 డిగ్రీలున్నచో బయటికి వచ్చునది 48 డిగ్రీల గాలి. గాలి రెట్టింపైనచో 43. నాలుగింతలైనచో సుమారు 40 డిగ్రీల మీద ఒక అర. గాలి సగమైనచో మాత్రము 58. దీనినుండి రెండు సంగతులు తేలుచున్నవి. మొదటిది: గాలి మరీ తక్కువైనచో నష్టము మిక్కిలి పెద్దది; తగినంత వచ్చిన పిమ్మట ఇంకను పెంచినందువలన లాభము కొంచెమే, చప్పుడు మాత్రము హెచ్చు. రెండవది: ఏ పంకాయు పెట్టెను గదికంటె చల్లబరుపజాలదు. గది వేడిగా నున్నచో మొదట గదికే గాలి కావలెను.

హైదరాబాదువారికి కూలరు చిరపరిచితము. కిటికీ తలుపులన్నియు మూసి కూలరు నడిపినచో గది చల్లబడదు, ఉక్కపోయును. ఎదుటి కిటికీ తెరచినచో లోని గాలి బయటికి పోవును. అప్పుడే చల్లగాలి లోనికి రాగలదు. కంప్యూటరు పెట్టెకును ఇదియే ధర్మము. పెట్టె ముందుభాగమున గాలిని లోనికి పీల్చు పంకాలు, వెనుకనో పైననో గాలిని వెలుపలికి నెట్టు పంకా ఉండవలెను. వేడిగాలి సహజముగా పైకి పోవునన్న మాట నిజమే; కాని చిన్న పెట్టెలో ఆ సహజగతి స్వల్పము, పంకాదే పెద్ద పాలు. అయినను ఆ రెండును ఒకే దిక్కునకు పనిచేయుట మేలు. పంకా ఏ దిక్కునకు గాలి పంపునో గుర్తించుటకు చట్రముపై బాణపు గుర్తు చూడవచ్చును. గుర్తు లేనిచో, మోటారును పట్టియుంచు అడ్డుకమ్మీలున్న వైపునకు గాలి పోవునని తెలిసికొనవలెను. ముందరి పంకాయు వెనుకటి పంకాయు రెండును బయటికే నెట్టునట్లు బిగింపబడిన యంత్రములు లేకపోలేదు. అట్టిదానికి క్రొత్త పంకా అక్కరలేదు. నాలుగు మరలు విప్పి ఒకదానిని త్రిప్పి బిగించిన చాలును.

ఇక చప్పుడు. చల్లదనము కావలెననినచో రొద భరింపవలెననియు, నిశ్శబ్దము కావలెననినచో వేడిమి భరింపవలెననియు పలువురు తలంతురు. పంకాల శాస్త్రము ఈ తలంపును సమర్థింపదు. పంకా వేగము సగమైనచో అది కదలించు గాలి సగమగును. కాని త్రాగు విద్యుత్తు ఎనిమిదవ వంతు మాత్రమే. చప్పుడు సుమారు 15 డెసిబెళ్లు తగ్గును. 10 డెసిబెళ్లు తగ్గినచో చెవికి చప్పుడు సగమైనట్లు తోచును. నిమిషమునకు 1600 చుట్లు తిరుగు పంకా ఒకటి యున్నదనుకొనుడు. దానికి బదులు, 800 చుట్లు తిరుగు అట్టి పంకాలే రెండు ప్రక్కప్రక్కన ఉంచినచో గాలి దాదాపు అంతయే వచ్చును. రెండు చప్పుళ్లు కలియుటవలన పెరుగునది 3 డెసిబెళ్లే. అనగా మొత్తముమీద సుమారు 12 డెసిబెళ్ల లాభము. ఒక పంకాకంటె రెండు పంకాలే నెమ్మదిగా నుండునన్న మాట వినుటకు వింతగా నున్నను లెక్కకు నిలుచును.

వేగముకంటె వెడల్పు మేలు. పాత పెట్టెలలో 80 మిల్లీమీటర్ల పంకాలుండెడివి. నేడు 120, 140 మిల్లీమీటర్లవి వాడుకలోనున్నవి. ఒకే తీరున చేయబడిన 120 మిల్లీమీటర్ల పంకా, 80 మిల్లీమీటర్ల దాని వేగములో మూడవ వంతునకంటె తక్కువ వేగముతోనే అంత గాలిని కదలింపగలదు. నెమ్మదిగా తిరుగు 120 మిల్లీమీటర్ల పంకా, అడ్డము లేనిచోట నిమిషమునకు సుమారు ఒక ఘనమీటరు గాలి నిచ్చును. జల్లెడయు కమ్మీలును అడ్డమైనచో అంతకు తగ్గును. కావున సాధారణమైన యంత్రమునకు ముందు రెండు, వెనుక ఒకటి, నెమ్మదిగా తిరుగునవి చాలును.

నాలుగు పిన్నుల పంకాలకు మదర్‌బోర్డు సంకేతమిచ్చి వేగమును నడిపించును. మూడు పిన్నులవాటికి వోల్టేజిని తగ్గించి వేగము తగ్గింపవలెను. యంత్రపు బయాస్‌లో ఉష్ణోగ్రతకు తగిన వేగమును నిర్ణయించు వీలుండును. అచట ఒక సంగతి గమనింపవలెను. ఒకే తీరున సాగు మెల్లని ధ్వనిని చెవి త్వరలోనే మరచిపోవును. క్షణక్షణము లేచి పడు ధ్వనిని మరువదు. కావున ఉష్ణోగ్రత ఒక్క నిమేషము పెరిగినంతనే పంకా ఉరుకకుండునట్లు ఏర్పాటు చేయుట మంచిది. పంకాకును రేకునకును నడుమ రబ్బరు బిళ్లలుంచినచో రేకు అదురు తగ్గును.

నిశ్శబ్దముకై పంకానే తీసివేయుట పరిష్కారము కాదు. 1980లో అమెరికాలో వెలువడిన ఆపిల్ కంపెనీవారి మూడవ కంప్యూటరులో పంకా లేదు. లోహపు అడుగుభాగమే వేడిమిని పీల్చునని నమ్మిరి. అది వేడెక్కి పాడగుచున్నదన్న అపఖ్యాతి ఆ యంత్రమును విడువలేదు.

తరువాతి శత్రువు దుమ్ము. వాహనముల రాకపోకలుగల బార్కస్ వీధియైనను, కళ్లములు తూర్పారబట్టు పల్లెయైనను దీనికి భేదము లేదు. వంటపొగ, ధూపపు పొగల జిడ్డుతో కలిసి దుమ్ము లోహపు రెక్కలనడుమ గడ్డకట్టును. గాలి దారి మూసికొనిపోవును. లోనికి గాలి పీల్చు పంకాల బలము, బయటికి నెట్టువాటి బలముకంటె కొంచెము హెచ్చుగా నుండి, వాటి ముందు జల్లెడ లుండవలెను. అప్పుడు గాలి జల్లెడగుండనే వచ్చును. సందులనుండి దుమ్మును పీల్చికొనదు. వేసవిలో నెలకొకమారు జల్లెడను దులుపవలెను. లోపల శుభ్రము చేయునపుడు యంత్రమును ఆర్పి, తీగను గోడనుండి ఊడదీసి, ఆరుబయట మెత్తని కుంచెతోనో బ్లోయరుతోనో దుమ్ము తీయవలెను. పంకా రెక్కను వ్రేలితో పట్టియుంచవలెను. గాలికి విడిచినచో అది మితిమీరిన వేగముతో తిరిగి చెడును.

కొన్ని అలవాట్లను మానుకొనవలెను. వేసవి రాగానే పెట్టె ప్రక్క తలుపు ఊడదీసి యుంచుట వాడుక. దానివలన ఒక్కొక్కప్పుడు వేడిమి కొంత తగ్గవచ్చును. కాని దుమ్మునకు స్వాగతము, చప్పుడునకు తెరచిన ద్వారము, పసిపిల్లల వ్రేళ్లకు అపాయము. పెట్టెను బల్ల అరలో మూసియుంచుట, వెనుకభాగమును గోడకానించుట, దుమ్ము లేచు నేలపై నుంచుట, కూలరు తడిగాలి సూటిగా తగులుచోట నుంచుట తగదు. వెనుక ఒక జానెడు చోటైన విడువవలెను.

వ్యయక్రమము కూడ ఇదియే కావలెను. మొదట దుమ్ము తీయుట. దానికి వ్యయము లేదు. రెండవది చోటు మార్చుట, దానికిని లేదు. మూడవది పంకా దిక్కు సరిచూచుట. ఇవి చాలనిచో ఒకటి రెండు పెద్ద పంకాలు కొనుట. సికిందరాబాదు పార్కులేనులోని చెనాయ్ ట్రేడ్ సెంటరు అంగళ్లలో అవి దొరకును. వాటి వెల క్రొత్త యంత్రపు వెలలో మిక్కిలి చిన్న పాలు. ప్రాసెసరుపైని థర్మల్ పేస్టు ఎండిపోయినచో దానిని మార్చుట తెలిసినవారిచే చేయింపవలెను. ఇన్నియు చేసిన పిమ్మటను యంత్రము నిలువనిచో, అప్పుడు క్రొత్తదానిని గూర్చి ఆలోచింపవచ్చును.

గ్రంథాలయ మిత్రులారా! చెదలు పట్టకుండ పుస్తకమును ఎండలో ఆరబెట్టుట, అట్ట చినిగినచో అంటించుట గ్రంథాలయములకు అలవాటైన పనులు. కంప్యూటరు జల్లెడ దులుపుటను ఆ పనుల పట్టికలో చేర్చినచో చాలును. నెలకొక పావుగంట శ్రమతో చందాదారుల సొమ్ము నిలుచును. దరఖాస్తు నింపు యువకుని పని నడుమ ఆగదు. ప్రక్క బల్లవద్ద పత్రిక చదువు వృద్ధునకు ఆ గదిలో యంత్రమున్నదన్న సంగతియే తెలియదు. ఈ గ్రంథాలయము ఇట్టి శ్రద్ధతో స్వర్ణోత్సవమును కూడ జరుపుకొనునుగాక!

స్వస్తి.