చలి దినములలో మోటారు సైకిలు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సభ్యుల సభలో మోటారు సైకిలును గూర్చిన ప్రసంగమేమి యని మీలో కొందరికి తోచవచ్చును. రోడ్లు, మంచినీరు, వీధి దీపములు, పారిశుద్ధ్యము, ఇవి గదా పంచాయతీ పనులు! అయినను ఒక్కమారు ఆలోచింపుడు. పాలు కేంద్రమునకు చేరుటయు, కూరగాయలు సంతకు పోవుటయు, పరీక్ష నాడు పిల్లలు పట్నమునకు వెళ్లుటయు, రాత్రివేళ జ్వరము ముదిరిన బిడ్డను ఆస్పత్రికి చేర్చుటయు నేడు అనేక గ్రామములలో మోటారు సైకిలు మీదనే జరుగుచున్నవి. ఎడ్లబండి చేసిన పనులలో సగము నేడు ఇది చేయుచున్నది. ఎద్దును ఎట్లు చూచుకొనవలెనో మన పెద్దలకు తెలియును. ఈ యంత్రమును చలిలో ఎట్లు మేల్కొలుపవలెనో మాత్రము మనలో పెక్కుమందికి ఎవరును చెప్పలేదు.

తెలుగునాడు ఎండలకు పేరుపడినది; నిజమే. కాని మార్గశిర, పుష్య మాసములలో లంబసింగి, చింతపల్లి, పాడేరు, అరకు ప్రాంతములలోను, ఆదిలాబాదు, ఆసిఫాబాదు జిల్లాల పల్లెలలోను తెల్లవారుజామున ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు లోబడి దిగు దినములు కలవు. అటువంటి యొక ఉదయమున, కొండ మీది పల్లెలో మేము చూచిన సంగతిని ముందుగా చెప్పెదము.

ఒక యువకుడు తన తల్లిని ఆస్పత్రికి తీసికొనిపోవలసి యున్నది. మంచుకు తడియునని, దొంగల భయము కూడ కలదని, బండిని రాత్రి ఇంటిలోపలనే నిలిపినాడు. చలి గాలి రాకుండ తలుపులు మూసియే యున్నవి. అతడు ఇరువది పర్యాయములు కిక్కు కొట్టినాడు. కొట్టినప్పుడెల్ల చేతితో రేజు త్రిప్పినాడు. ప్లగ్గు పెట్రోలుతో తడిసిపోయినది. కొంతసేపటికి ఇంజను అంటుకొనగానే, మరల ఆగిపోవునేమో యను భయముతో అయిదారు నిమిషములు గట్టిగా రేజు ఇచ్చుచు అక్కడనే నిలిచినాడు. గది యంతయు పొగతో నిండినది. ఆ మూల మంచము మీద పడుకొన్న తల్లి తల తిరుగుచున్నదని చెప్పినది. మేము తలుపులు తీయించి, బండిని ఆపించి, ఆమెను అరుగు మీదికి తెప్పించితిమి. కొంతసేపటికి ఆమె తేరుకొన్నది. జబ్బునకు వైద్యము చేయింపబోయి, కుమారుడే తెలియక తల్లికి విషవాయువును పెట్టినాడు. ఈ ప్రసంగమునకు కారణము ఆ ఉదయమే.

చలిలో ఇంజను ఏల మొండికెత్తును? దీనికి మూడు కారణములు కలవు. మొదటిది, పెట్రోలు ద్రవముగా మండదు; ఆవిరియై గాలితో కలిసినప్పుడే మండును. చలిలో అది తగినంతగా ఆవిరి కాదు. ఇంజను వేడిగా నున్నప్పుడు ఒక పాలు పెట్రోలునకు తూకములో సుమారు 15 పాళ్ల గాలి చాలును. చల్లని ఇంజనుకు మాత్రము గాలి తగ్గించి పెట్రోలు పెంచి ఈయవలెను. రెండవది, ఇంజను ఆయిలు చలికి చిక్కబడును. పేరిన నేతివలె అది మెల్లగా కదలును గాన, పై భాగములకు చేరుటకు కొన్ని క్షణములు పట్టును. మూడవది, బ్యాటరీలోని రసాయన క్రియ చలికి మందగించును. అందుచేత సెల్ఫు మోటారు బలహీనముగా తిరుగును.

కారణములు తెలిసిన పిదప పద్ధతి సులభము. కార్బురేటరు గల పాత బండ్లకు చోక్ అను మీట యుండును. అది గాలిని తగ్గించి పెట్రోలు పాలు పెంచును. ముందుగా గేరు న్యూట్రల్‌లో నున్నదో లేదో చూడవలెను. తాళము వేయకయే చోక్ లాగి, రెండు మూడు మారులు మెల్లగా కిక్కును క్రిందికి త్రొక్కవలెను. దీనివలన ఆయిలు కదలును, పెట్రోలు లోనికి చేరును. పిదప తాళము త్రిప్పి, రేజు ఇయ్యక, ఒక్కసారి బలముగా కిక్కు కొట్టవలెను. ఇంజను అంటుకొని, నిలుకడగా తిరుగుట మొదలిడగానే చోక్‌ను క్రమముగా మూసివేయవలెను. దానిని మరచి ప్రయాణము చేసినచో నల్లని పొగ వచ్చును, ప్లగ్గు మసిబారును, అధికమైన పెట్రోలు సిలిండరు గోడల మీది ఆయిలును కడిగివేయును.

2020 ఏప్రిల్ 1 నుండి భారత్ స్టేజ్ 6 నిబంధనలు అమలైన పిదప తయారైన బండ్లలో పెక్కింటికి చోక్ లేదు. వానిలో చలిని కనిపెట్టి పెట్రోలును కొలిచి ఇచ్చు ఫ్యూయల్ ఇంజెక్షన్ అమరిక యున్నది. వీనికి చేయవలసినది ఒక్కటే: తాళము త్రిప్పి రెండు మూడు సెకండ్లు ఆగవలెను. పెట్రోలు పంపు చేయు సన్నని చప్పుడు ఆగిన పిదప, రేజును ముట్టక, సెల్ఫు నొక్కవలెను. ఏ బండికైనను సెల్ఫును అయిదు సెకండ్లకు మించి నొక్కి పట్టరాదు. అంటుకొననిచో పది పదునైదు సెకండ్లు విరామ మిచ్చి మరల నొక్కవలెను. విరామము లేకున్నచో బ్యాటరీ అడుగంటును.

పాత బండిలో పెట్రోలు ఎక్కువై ప్లగ్గు తడిసిన యెడల చోక్ మూసి, రేజు పూర్తిగా తెరచి, కొన్ని మారులు కిక్కు కొట్టవలెను. అప్పటికిని కానిచో ప్లగ్గు విప్పి, తుడిచి, ఆరబెట్టి బిగింపవలెను.

ఇంజను అంటుకొన్న పిదప ఎంతసేపు నిలుపవలెను? అర నిమిషము మొదలు ఒక నిమిషము వరకు చాలును. చలి మిక్కిలి తీవ్రముగా నున్నచో రెండు నిమిషములు. పది నిమిషములు నిలిపి వేడిచేయుట పెట్రోలు దండుగ. నిలిచి యున్న ఇంజను కంటె మెల్లగా నడచు ఇంజనే త్వరగా వేడెక్కును. మొదటి రెండు మూడు కిలోమీటర్లు నిదానముగా నడుపుట మేలు. చల్లని ఇంజనుకు ఒక్కసారిగా రేజు ఇచ్చుట, నిద్ర లేచిన యెద్దును వెంటనే మెట్ట యెక్కించుట వంటిది. ఆయిలు చేరకముందే లోపలి భాగములు ఒరిసికొని అరిగిపోవును.

రెండు జాగ్రత్తలు ముందురోజే తీసికొనవలసినవి. కిరోసిను కలిసిన పెట్రోలు చలిలో మరింత మొండికెత్తును. కిరోసిను పెట్రోలు వలె ఆవిరి కాదు. నీరు చేరిన పెట్రోలును అట్టిదే. కనుక నమ్మకమైన బంకులోనే పోయించుకొనవలెను. ఇక ఆయిలును కంపెనీ పుస్తకములో చెప్పిన రకమే వాడవలెను. డబ్బా మీద 10డబ్ల్యూ-30 అని యున్నచో, ‘డబ్ల్యూ’కు ముందున్న అంకె చలిలోని చిక్కదనమును తెలుపును. ఆ అంకె చిన్నదైన కొలది ఆయిలు చలిలో సులభముగా కదలును. ఇంజను వేడెక్కుటకై దాని క్రింద మంట పెట్టుట మాత్రము ఎన్నడును చేయరాదు. పెట్రోలు ఆవిరికి నిప్పు తగిలినచో బండియే కాదు, ఇల్లును దగ్ధమగును.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. సైలెన్సరు నుండి వచ్చు పొగలో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు కలదు. దానికి రంగు లేదు, వాసన లేదు. అది ఊపిరితో లోనికి పోయి, రక్తములో ప్రాణవాయువును మోయు పదార్థమును పట్టుకొనును. ప్రాణవాయువు కంటె 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకొనును గాన, మనిషి ఊపిరి పీల్చుచునే ప్రాణవాయువు లేక కూలిపోవును. పెట్రోలు పాలు ఎక్కువై, గాలి తక్కువైనప్పుడే ఈ వాయువు అధికముగా పుట్టును. చల్లని ఇంజను స్థితి సరిగా అదియే. కొత్త బండ్ల సైలెన్సరులో పొగను శుద్ధిచేయు అమరిక యున్నను, అది వేడెక్కిన పిదపనే పనిచేయును. అనగా చలి ఉదయమున తొలి నిమిషములలో వచ్చు పొగయే మిక్కిలి విషపూరితము. మనమో, ఆ తొలి నిమిషములనే తలుపులు మూసిన యింటిలో గడుపుచున్నాము!

కావున బండిని ముందు బయటికి నెట్టి, తరువాతనే స్టార్టు చేయవలెను. వాన యైనను, మంచు కురియుచున్నను ఈ నియమము తప్పరాదు. మూసిన గదిలో ఎవరికైనను తలనొప్పి, తలతిరుగుడు, వాంతి, మగత కలిగినచో ముందు ఇంజను ఆపి, తలుపులు తీసి, ఆ మనిషిని బయటి గాలికి చేర్చి, 108కి ఫోను చేయవలెను.

సభ్యులారా! దీనికై నిధులు అక్కరలేదు, తీర్మానము కూడ అక్కరలేదు. చలికాలము రాకముందు జరుగు గ్రామసభలో ఈ నాలుగు మాటలు చెప్పుడు. మీ ఊరి మెకానిక్కును పిలిపించి, ఒక పాత బండిని, ఒక కొత్త బండిని స్టార్టు చేయించి చూపుడు. బండి పట్టనంత ఇరుకు వాకిలి గల యిండ్లవారికి, రాత్రివేళ బండ్లు నిలుపుకొనుటకు పంచాయతీ కార్యాలయ ఆవరణలో దీపపు వెలుగున కొంత చోటు చూపుడు. దొంగల భయము తీరినచో బండి యింటిలోనికి రాదు.

బండిని బయటికి నెట్టుటకు నాలుగడుగులు చాలును. ఆ నాలుగడుగుల మేర మీ గ్రామములో ప్రతి యింటను అలవాటగునట్లు చూడవలసినదిగా మిమ్ము కోరుచు, సెలవు తీసికొనుచున్నాము.