చేతికి అందేది, అందకూడనిది – ఇంట్లో తిరిగే పళ్ళెం
(రోగుల బంధువులకు ఇచ్చిన ప్రసంగ పాఠం)



తెనాలి నుండి, బాపట్ల నుండి, రేపల్లె, నిజాంపట్నం వైపు నుండి వచ్చి మీవాళ్ళ మంచం పక్కన రాత్రింబగళ్ళు కూర్చుంటున్నారు. రేపో ఎల్లుండో డిశ్చార్జి చేస్తారు. ఇక్కడ వేళకు మందులివ్వడానికి మేమున్నాం. ఇంటికి వెళ్ళాక ఆ పని మీది. డిశ్చార్జి చీటీలో మందుల పేర్లుంటాయి గాని, వాటిని ఇంట్లో ఎక్కడ, ఎలా పెట్టుకోవాలో ఉండదు. ఈ రోజు ఆ సంగతి మాట్లాడుకుందాం.

మన ఇళ్ళలో మందులు ఎక్కడుంటాయి? కొన్ని టీవీ మీద, కొన్ని ఫ్రిజ్ మీద, కొన్ని దిండు కింద, మిగిలినవి మేకుకు తగిలించిన క్యారీ బ్యాగులో. పోయిన ఏడాది మందులూ అందులోనే, నిన్న కొన్నవీ అందులోనే. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో వస్తుంది. పెద్దాయన పాత స్ట్రిప్‌లోది ఒకటి, కొత్త స్ట్రిప్‌లోది ఒకటి వేసుకుంటారు. అది షుగరు బిళ్ళ అయితే షుగరు పడిపోయి చెమటలు పడతాయి, వణుకు వస్తుంది, స్పృహ కూడా తప్పవచ్చు. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ అనే బిళ్ళ వారానికి ఒక్కసారే వేసుకోవాలి. మిగతా బిళ్ళలతో కలిసిపోయి రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఇలాంటి ఆపదలు చాలావరకు సామాను అమరికతోనే తప్పించుకోవచ్చు.

తిరిగే పళ్ళెం అంటే

పెద్ద హోటళ్ళలో గుండ్రటి బల్ల మధ్య తిరిగే పళ్ళెం చూసి ఉంటారు. ఇంగ్లీషులో దాన్ని లేజీ సూసన్ అంటారు. ఇప్పుడు స్టీలులో, ప్లాస్టిక్‌లో చిన్నవి దొరుకుతున్నాయి. అడుగున చిన్న చిన్న గుండ్లుంటాయి కనుక వేలితో తోస్తే తిరుగుతుంది. వెనక ఉన్నది ముందుకు వస్తుంది. అంతే దాని గొప్పతనం.

మనకిది పూర్తిగా కొత్త కాదు. మన పోపుల పెట్టె చూడండి. ఆవాలు, జీలకర్ర, మెంతులు, మినప్పప్పు అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. పొయ్యి మీద నూనె కాగుతుంటే వెతుక్కోనక్కర లేదు. మందులకు కూడా అలాంటి ఏర్పాటే కావాలి.

దీని వెనుక ఒక వైద్యుని ఆలోచన కూడా ఉంది. 1910–11లో చైనాలోని మంచూరియాలో ఊపిరితిత్తుల ప్లేగు వచ్చినప్పుడు దాన్ని అరికట్టడానికి నాయకత్వం వహించిన డాక్టరు వూ లియెన్ తే. అక్కడ అందరూ ఒకే గిన్నెలో తమ తమ పుల్లలు పెట్టి తినేవారు. అలా ఒకరి ఎంగిలి మరొకరికి అంటకుండా, బల్ల మధ్య తిరిగే పళ్ళెం, ప్రతి గిన్నెకూ విడి గరిటె ఉండాలని 1915లో ఆయన సూచించారు.

మన ఇంట్లోనూ కూర గిన్నెకో గరిటె, పచ్చడి జాడీకో పొడి చెంచా ఉండాలి. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. క్షయ గాలి ద్వారా వస్తుంది, కంచాల ద్వారా రాదు. క్షయ ఉన్నవారిని వేరుగా కూర్చోబెట్టి వేరే కంచం పెట్టి బాధపెట్టకండి. వారు దగ్గేటప్పుడు గుడ్డ అడ్డం పెట్టుకోవాలి, మందు మానకూడదు, ఇంట్లోకి గాలి వెలుతురు రావాలి.

మందుల పళ్ళెం ఎలా సర్దాలి

1. పళ్ళెంలో మూడు గిన్నెలు పెట్టండి: ఉదయం, మధ్యాహ్నం, రాత్రి. చదువు రానివారికి సూర్యుడు, కంచం, చంద్రుడు బొమ్మలు వేసి అంటించండి. తిండికి ముందు వేసుకునే వాటికి రబ్బరు బ్యాండు చుట్టండి.

2. బిళ్ళలు విడదీసి ఒక డబ్బాలో కలిపి పోయకండి. స్ట్రిప్‌తోనే ఉంచండి. పేరు, గడువు తేదీ ఉన్న వైపు చివరిదాకా మిగిలేలా రెండో వైపు నుండి కత్తిరించండి.

3. వారానికి ఒకసారి వేసుకునే బిళ్ళ ఈ పళ్ళెంలో ఉండకూడదు. విడి డబ్బాలో పెట్టి, ఏ వారమో పైన పెద్ద అక్షరాలతో రాయండి.

4. కంటి చుక్కలు, చెవి చుక్కలు పక్కపక్కన పెట్టవద్దు. సీసాలు ఒకేలా ఉంటాయి. చూపు తక్కువైన వారు పొరబడతారు.

5. మందులిచ్చే బాధ్యత ఇంట్లో ఒక్కరిదే. ఇవ్వగానే క్యాలెండరులో టిక్కు పెట్టండి. అప్పుడు "అత్తయ్యకు బిళ్ళ ఇచ్చారా, లేదా?" అన్న అనుమానం రాదు.

6. ఇన్సులిన్ పళ్ళెంలో పెట్టవద్దు. తెరవనిది ఫ్రిజ్‌లో ఉంచాలి, డీప్ ఫ్రిజ్‌లో కాదు. గడ్డకడితే పనికిరాదు. ఫ్రిజ్ లేనివారు తడి ఇసుక పోసిన మట్టికుండలో, నీరు తగలకుండా మూత డబ్బాలో పెట్టుకోవచ్చు. వాడకం మొదలుపెట్టినది ఎన్ని రోజులు ఉంటుందో మీ సిస్టరును అడిగి తెలుసుకోండి.

వారానికి ఒకరోజు పళ్ళెం మొత్తం ఒక చుట్టు తిప్పి చూడండి. గడువు దాటినవి, డాక్టరు ఆపమన్నవి తీసేయండి.

మంచంలో ఉన్నవారికి

పక్షవాతం వచ్చి ఒక చేయి పనిచేయని వారికి, కీళ్ళు బిగుసుకుపోయిన వారికి ఈ పళ్ళెం ఎంతో మేలు. మంచం పక్కన, బాగున్న చేతి వైపు, కదలని స్టూలు మీద పెట్టండి. దాని మీద మూత ఉన్న మంచినీళ్ళ గ్లాసు, కళ్ళజోడు, తువ్వాలు, ఫోను, పిలవడానికి ఒక గంట. ప్రతిదానికీ ఇంకొకరిని పిలవాలంటే మనిషికి మనసు చిన్నబోతుంది. తన గ్లాసు తానే అందుకుంటే ధైర్యం వస్తుంది. పెద్దవాళ్ళు అటక మీది డబ్బా కోసం స్టూలు ఎక్కి పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం కూడా తప్పుతుంది.

తినే బల్ల మీద కూడా ఆలోచించి పెట్టండి. చేతికి అందేదే నోట్లోకి వెళుతుంది. పెద్దవారికి రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచా, మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. బి.పి. ఉన్నవారి ముందు ఆవకాయ, అప్పడాలు, ఉప్పు గిన్నె పెట్టి "తినొద్దు నాన్నా" అంటే ఏం లాభం? వాటి చోట నిమ్మచెక్క, మజ్జిగ, కీరా ముక్కలు ఉంచండి.

ఏవి అందకూడదు

మనవలున్న ఇంట్లో మందుల పళ్ళెం తలుపున్న బీరువాలో, పెద్దవారి కళ్ళ ఎత్తున ఉండాలి. తిరిగే వస్తువంటే పిల్లలకు ఆట. గర్భిణులకిచ్చే ఐరన్ బిళ్ళలు కూడా చిన్నపిల్లలు ఎక్కువగా మింగితే ప్రాణాపాయం.

మనది వ్యవసాయ ప్రాంతం. పురుగుమందు ఎప్పుడూ కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. వంటింట్లోకి తేకండి, తాళం వేసి బయట ఉంచండి. ఎలుకల మందు పేస్టు ట్యూబు పళ్ళ పేస్టులాగే ఉంటుంది. పచ్చ భాస్వరం ఉన్న ఆ పేస్టుకు విరుగుడు మందు లేదు. మొదటి రోజు మనిషి బాగానే కనిపించి, తర్వాత కాలేయం దెబ్బతింటుంది. కాబట్టి అసలు కొనకపోవడమే మంచిది. యాసిడ్, కిరోసిన్ ఎవరైనా తాగితే వాంతి చేయించకండి. 108కి ఫోను చేసి, ఆ సీసా కూడా వెంట తీసుకురండి.

కొనలేనివారికి

పళ్ళెం కొనక తప్పదని కాదు. అంచున్న గుండ్రటి స్టీలు పళ్ళెంలో ఒకే సైజు గోలీలు పరచి, పైన కొంచెం చిన్న పళ్ళెం పెడితే అదీ తిరుగుతుంది. గోలీలు మింగే వయసు పిల్లలుంటే మాత్రం వద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్ళలో ఇనుపది తుప్పుపడుతుంది, ప్లాస్టిక్‌ది మేలు. బరువు సీసాలు, పొడవు సీసాలు దాని మీద పెట్టవద్దు, విసురుగా తిప్పితే పడిపోతాయి.

మన తీరానికి తుపానులు తెలియనివి కావు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఇల్లు వదిలి వెళ్ళమన్నప్పుడు మందులన్నీ ఒకచోట ఉంటే, నీరు చొరబడని కవరులో మందుల చీటీతో సహా ఒక్క నిమిషంలో సర్దుకుని బయలుదేరవచ్చు.

కాబట్టి ఇంటికి వెళ్ళిన రోజే మందుల సంచి బోర్లించి, చీటీ ముందు పెట్టుకుని సర్దండి. ఏ బిళ్ళ దేనికో తెలియకపోతే సంచితో సహా ఇక్కడికే తీసుకురండి. మేం చూసి చెబుతాం.