పసుపు జెండా ఎప్పుడు పడాలి?



ఇంజనీరు కదా, వంతెనల గురించో యంత్రాల గురించో చెబుతాడనుకుని ఉంటారు. నేను ఈరోజు ఒక ఆట గురించి, అందులో తప్పొప్పులు తేల్చే మనుషుల గురించి చెబుతాను. ఆ ఆట అమెరికన్ ఫుట్‌బాల్. పేరు ఫుట్‌బాలే గానీ బంతి ఎక్కువగా చేతుల్లోనే ఉంటుంది. ఒక్కో పక్షాన 11 మంది.

వాళ్ల పెద్ద లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో మైదానం మీద ఏడుగురు అధికారులుంటారు. తెల్లటోపీ పెట్టుకున్న రిఫరీ వారికి పెద్ద. ఏడుగురూ బంతినే చూస్తూ కూర్చుంటే మిగతావాళ్లు ఏం చేస్తున్నారో ఎవరికీ తెలియదు. అందుకని ఎవరు ఎటు చూడాలో, ఏ ఆటగాళ్లను గమనించాలో ముందే పంచుకుంటారు.

తప్పు కనబడగానే పసుపు జెండా విసురుతారు. జెండా పడితే తీర్పు అయిపోయినట్టు కాదు. అధికారులు గుమిగూడి ఎవరేం చూశారో చెప్పుకుంటారు. దగ్గరగా చూసినవాడు తప్పు లేదంటే జెండా వెనక్కి తీసుకుంటారు. ఉందంటే, రిఫరీ మైకులో తప్పు పేరు, ఆటగాడి నంబరు స్టేడియమంతా వినేలా చెబుతాడు. ఆఫ్‌సైడ్‌కు 5 గజాలు, దాడిచేసే పక్షం హోల్డింగ్‌కు 10 గజాలు శిక్ష. ఆ శిక్ష వద్దనుకునే హక్కు ఎదుటి జట్టుకు ఉంటుంది.

హోల్డింగ్ అంటే ఎదుటివాణ్ణి పట్టుకుని ఆపడం. ప్రతిసారీ ఎక్కడో ఒకచోట చేతులు తగులుతూనే ఉంటాయి. అన్నిటికీ జెండా వేస్తే ఆటే సాగదు. అందుకే ఆ పట్టు ఎదుటివాణ్ణి నిజంగా అడ్డుకుందా, దాని ప్రభావం ఆట మీద పడిందా అని చూస్తారు. తలకు దెబ్బ తగిలేలా గుద్దడం లాంటి ప్రమాదకరమైన వాటికి మాత్రం ఈ సడలింపు ఉండదు.

2019 జనవరి 20న న్యూ ఆర్లీన్స్‌లో సెయింట్స్, రామ్స్ జట్లు తలపడ్డాయి. గెలిచినవారు సూపర్ బౌల్‌కు వెళతారు. స్కోరు 20-20, రెండు నిమిషాల లోపే ఆట మిగిలుంది. బంతి చేరకముందే రామ్స్ ఆటగాడు సెయింట్స్ ఆటగాణ్ణి గుద్దేశాడు. జెండా పడలేదు. చివరికి అదనపు సమయంలో రామ్స్ 26-23తో గెలిచింది. పొరపాటు జరిగిందని లీగ్ తర్వాత ఒప్పుకుంది.

మరుసటి సీజన్‌లో ఇలాంటి వాటిని వీడియోలో తిరిగి చూసే నిబంధన తెచ్చారు. ఒక్క సీజన్ నడిపి వదిలేశారు. చెయ్యి తగిలిందా లేదా అన్నది వీడియో చూపిస్తుంది. అది ఎంతగా అడ్డుకుందన్నది తేల్చడానికి మళ్లీ మనిషే కావాలి. మైదానంలో ఒకరి అంచనాను గదిలో కూర్చున్న మరొకరి అంచనాతో మార్చినట్టయింది, అంతే. కొలతలతో పనిచేసే మాలాంటివాళ్లకు ఇది తొందరగా మింగుడుపడదు.

మా గురువులకు మాత్రం ఇది కొత్త సంగతి కాదు. లెక్కలో చివరి జవాబు తప్పినా పద్ధతి సరిగా ఉంటే మార్కులు వేసేవారు. పక్కవాడి పేపర్లో చూసి రాస్తే మాత్రం ఊరుకునేవారు కాదు. ఏ తప్పును ఎంతవరకు పట్టించుకోవాలో తెలిసిన ఆ చేతులకు నమస్కరిస్తూ సెలవు తీసుకుంటున్నాను.