కాచిగూడ బడి నుంచి జకార్తా దాకా
(సయ్యద్ అబ్దుల్ రహీమ్ వర్ధంతి సందర్భంగా తెనాలిలో చేసిన స్మారకోపన్యాసం)



మన డెల్టాకూ ఫుట్‌బాల్‌కూ పెద్ద చుట్టరికం లేదు. తెనాలిలోనైనా, బాపట్లలోనైనా, రేపల్లెలోనైనా సాయంత్రం బడి మైదానానికి వెళితే ఒక పక్క వాలీబాల్ నెట్టు, ఒక పక్క కబడ్డీ గీతలు కనిపిస్తాయి. మిగిలిన చోటంతా క్రికెట్టుదే. మరి హైదరాబాదు ఫుట్‌బాల్ మనిషికి ఇక్కడ స్మారకసభ ఎందుకని కొందరు అడిగారు. రహీమ్ గారు ప్రపంచానికి కోచ్‌గా తెలుసు. అంతకు ముందు ఆయన బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూలు, దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూలు, ఇవీ ఆయన పాఠాలు చెప్పిన చోట్లు. భారత ఫుట్‌బాల్‌ను ఆసియాలో మొదటి స్థానానికి తీసుకువెళ్లిన చదువంతా అక్కడి పిల్లల మధ్య పుట్టింది. అందుకని, పంతుళ్లున్న ప్రతి ఊళ్లోనూ ఆయన పేరు చెప్పుకోవచ్చు.

ఆయన 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు. అప్పటికి నిండా యాభై నాలుగేళ్లు లేవు. ఆటగాడికైతే ఆ వయసు వృద్ధాప్యమే. కోచ్‌కు మాత్రం నడివయసు. మాంచెస్టర్ యునైటెడ్‌ను నడిపిన అలెక్స్ ఫెర్గూసన్ 1999లో మూడు పెద్ద ట్రోఫీలు ఒకే ఏడు గెలిచేనాటికి 57 ఏళ్లవాడు. ఆ తర్వాత కూడా పద్నాలుగేళ్లు పనిచేశాడు. ఆ లెక్కన చూస్తే రహీమ్ గారిది అకాల మరణమే. నా మటుకు నేను దాన్ని అలాగే చూస్తాను.

ఆయన ఉస్మానియాలో చదువుకున్నారు, విశ్వవిద్యాలయం జట్టుకు ఆడారు, తర్వాత ఎలెవెన్ హంటర్స్ అనే స్థానిక క్లబ్బుకు ఆడారు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి అయ్యారు, చనిపోయేదాకా ఆ బాధ్యత వదల్లేదు. 1950 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు ఆయన చేతికి వచ్చింది. అంతకు ముందే నార్బర్ట్ ఫ్రూవాల్ అనే కోచ్ ఆ జట్టుకు మంచి పునాది వేసి పెట్టారు. ఆయన్ని మరిచిపోతే అన్యాయమవుతుంది.

ఆ కాలంలో మన దేశంలో ఫుట్‌బాల్ ఆడి బతకడం అంటే ఉద్యోగం దొరకడమే. పోలీసు శాఖలో కానిస్టేబులు కొలువు, నెల జీతం, పొద్దున పరేడు, సాయంత్రం ఆట. అలాంటి జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలిచింది. 1950లోనే ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు కూడా తెచ్చుకుంది, ఫైనల్లో మోహన్ బగాన్ మీద. కలకత్తా వాళ్లు ఫుట్‌బాల్ తమ సొత్తు అనుకునే రోజులవి. దక్కను నుంచి వచ్చిన పోలీసులు ఆ గర్వాన్ని వాళ్ల కళ్లముందే దించారు.

ఇది ఎలా జరిగిందో కాస్త నిదానంగా చెప్పాలి. ఇవాళ నేను వచ్చిన పనే అది.

రహీమ్ గారు కుర్రాళ్లకు పోటీలు పెట్టేవారు. మామూలు పోటీలు కావు. ఒక పోటీలో ఎవడికి ఏ కాలు బలమో ఆ కాలితో బంతి తన్నకూడదు. కుడికాలి వాటం ఉన్న పిల్లవాడు ఆ ఆటంతా ఎడమకాలితోనే ఆడాలి. మొదటి రోజు వాడు బంతిని తన్నబోయి నేలను తన్నుతాడు, పక్కవాడు నవ్వుతాడు, మరుక్షణం ఆ నవ్వినవాడి వంతు వస్తుంది. పోటీ ముగిసేసరికి ఇద్దరికీ రెండో కాలు పుట్టుకొస్తుంది. ఇంకో పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం, బంతి కాలికి తగలగానే పాస్ ఇచ్చేయాలి. ఒంటరిగా బంతిని వేసుకుపోయి మెప్పు పొందాలనే పిల్లలకు అది పెద్ద శిక్ష, అదే పెద్ద చదువు. మరో పోటీకి వయసు లెక్కలేదు, ఎత్తు లెక్క. పెట్టిన కొలత దాటినవాడికి ఆ పోటీలో చోటు లేదు. వయసు ధ్రువపత్రాల్లో మాయలు ఎన్ని జరుగుతాయో ఈ సభలో ఉన్న మాస్టార్లకు నేను చెప్పక్కర్లేదు. ఎత్తు దగ్గర మాయ కుదరదు. పొట్టిగా, బక్కగా ఉన్న పిల్లవాడికి తన సాటివాళ్లతో ఆడే అవకాశం దొరుకుతుంది, వాడి కాళ్లలో ఉన్న నేర్పు బయటపడుతుంది.

ఈ పద్ధతులకు ఖరీదైన సామాను అక్కర్లేదు. ఒక బంతి, ఒక ఈల, గోడమీద ఒక గీత చాలు. బడిపంతులు బుర్రకే తట్టే ఆలోచనలివి. పెద్ద క్లబ్బుల కోచ్‌లు తయారైన ఆటగాళ్లను కొనుక్కుంటారు. పంతులు మాత్రం వచ్చిన పిల్లలతోనే పని నడపాలి.

ఆటలో జట్టును నిలబెట్టే తీరు కూడా మార్చారు. మన దేశంలో చాలా జట్లు అప్పటికీ ఇద్దరు బ్యాకులు, ముగ్గురు హాఫులు, ఐదుగురు ఫార్వర్డ్‌లు అనే పాత పద్ధతినే పట్టుకుని వేలాడేవి. సెంటర్ ఫార్వర్డ్‌ను కాస్త వెనక్కి లాగి ఆడించే పద్ధతితో హంగరీ 1953లో లండన్ వెంబ్లీలో ఇంగ్లండును 6-3తో ఓడించింది. ఆ మార్పులోని కిటుకు మన దేశంలో ముందుగా పట్టుకున్నవాళ్లలో రహీమ్ గారు ఒకరు. తర్వాత నలుగురు వెనక, ఇద్దరు మధ్య, నలుగురు ముందు అనే పద్ధతికి కూడా జట్టును అలవాటు చేశారు.

భారత జట్టు కోచ్‌గా ఆయన మొదటి పెద్ద విజయం 1951 మార్చిలో, ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో. ఫైనల్లో ఇరాన్ మీద 1-0, గోలు సాహూ మేవాలాల్‌ది. మరుసటి ఏడాది హెల్సింకీ ఒలింపిక్స్. అక్కడ యుగోస్లావియా చేతిలో 10-1. ఆ చలిలో మన ఆటగాళ్లు కొందరు ఉత్త కాళ్లతో ఆడారు. ఆ పరాభవం తర్వాతే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఓటమికి ఒక్క బూట్లే కారణమని నేను అనను. ఆ లోటు మాత్రం పక్కా. అంత దెబ్బ తిన్న కోచ్ మరో నాలుగేళ్లకు అదే ఒలింపిక్స్‌కు జట్టును సిద్ధం చేసుకుని వెళ్లాడంటే, ఆ పట్టుదలను మనం గుర్తించాలి.

1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడింది. సరిగ్గా నెల తిరిగేసరికి, డిసెంబరు 1న, మెల్‌బోర్న్‌లో భారత జట్టు ఆతిథ్య దేశం ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ చేశాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో హ్యాట్రిక్ చేసిన తొలి ఆసియా ఆటగాడు అతడే. 1980లో, 47 ఏళ్లకే కన్నుమూశాడు. ఆ జట్టులో మన కొత్త రాష్ట్రం రాజధాని నుంచి వెళ్లినవాళ్లు పలువురు: అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరామ్. సెమీఫైనల్లో యుగోస్లావియా మీద మొదటి గోలు మనదే, చివరికి 4-1తో ఓడాం. కాంస్యం కోసం ఆడిన ఆటలో బల్గేరియా 3-0తో గెలిచింది. నాలుగో స్థానం. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్‌కు ఇప్పటికీ అదే అత్యుత్తమ ఫలితం.

బలరామ్ దగ్గర కాసేపు ఆగుదాం. సికింద్రాబాదు దగ్గర అమ్ముగూడ కుర్రవాడు, బీద కుటుంబం. పాత పోలీసు బూట్లు కొని, చెప్పులు కుట్టేవాడిచేత వాటిని ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకుని ఆడేవాడు. రహీమ్ గారి కంట పడ్డాడు. సెలెక్షన్ ఆటలకు రమ్మంటే హైదరాబాదు దాకా రావడానికి డబ్బుల్లేవు. సైకిలు అద్దె రహీమ్ గారే ఇచ్చారని బలరామ్ పెద్దయ్యాక చెప్పుకునేవారు. ఆ సైకిలు ఎక్కిన పిల్లవాడు ఇరవై ఏళ్లకే మెల్‌బోర్న్ ఒలింపిక్స్ ఆడాడు. 1960లో రోమ్‌లో హంగరీ మీద ఒకటి, పెరూ మీద ఒకటి గోలు కొట్టాడు. కలకత్తా ఈస్ట్ బెంగాల్‌కు 1961లో కెప్టెన్ అయ్యి లీగ్ టైటిల్ గెలిపించాడు. 1963లో ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుని 27 ఏళ్లకే ఆట మానుకోవలసి వచ్చింది. గురువు పోయిన ఏడే శిష్యుడి ఆట కూడా పోయింది. బలరామ్ ఆ తర్వాత అరవై ఏళ్లు బతికి 2023 ఫిబ్రవరిలో కలకత్తాలో కన్నుమూశారు. ఇరవై ఏడేళ్లకే బంతికి దూరమైన మనిషి అరవై ఏళ్లపాటు ఇతరుల ఆట చూస్తూ గడపడం ఎంత బరువో, ఆటగాళ్లకు వేరే చెప్పాలా!

ఇక జకార్తా. 1962 ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా చేతిలో 2-0 ఓటమి. తర్వాత థాయిలాండ్ మీద 4-1తో గెలిచాం గానీ, మన కీలక డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలి కుట్లు పడ్డాయి. జపాన్ మీద 2-0. సెమీఫైనల్లో దక్షిణ వియత్నాం. జర్నైల్ లేకుండా జట్టు లేదు, ఉన్నా వెనక నిలబడి తలతో బంతులు కొట్టే పరిస్థితి లేదు. అప్పుడు రహీమ్ గారు అతణ్ణి ముందుకు, సెంటర్ ఫార్వర్డ్‌గా పంపారు. కాలేజీ రోజుల్లో అతడు ఆ చోట ఆడినవాడేనని ఆయనకు గుర్తుంది. తల కుట్లతోనే జర్నైల్ సెమీఫైనల్లో గోలు కొట్టాడు. మనం 3-2తో గెలిచాం.

బయట వాతావరణం మరీ చెడ్డగా ఉంది. ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఆతిథ్య దేశం రానివ్వకపోవడాన్ని భారతీయ క్రీడాధికారి జి.డి. సోంధీ తప్పుపట్టారు. దాంతో జకార్తా జనం భారతీయుల మీద విరుచుకుపడ్డారు, మన రాయబార కార్యాలయం మీద దాడి జరిగింది. సెప్టెంబరు 4న ఫైనల్‌కు మన జట్టు మైదానంలో దిగేసరికి లక్షమంది దాకా ప్రేక్షకుల ఎగతాళి అరుపులు. ఆ హోరులో మనవాళ్లకు మద్దతుగా కేకలు వేసిన కొద్దిమందిలో పాకిస్తాన్ హాకీ జట్టు ఉంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా నాకు గొంతు పూడుకుపోతుంది. ముందు రాత్రి రహీమ్ గారు ఆటగాళ్లను పిలిచి తనకు బంగారు పతకం కానుకగా కావాలని అడిగారట. ఆ మాట ఆటగాళ్లే తర్వాత పంచుకున్నారు.

ఎదురుగా మళ్లీ దక్షిణ కొరియా. జబ్బుపడి కొన్ని ఆటలకు దూరమైన హైదరాబాదీ గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ తిరిగి వచ్చాడు. ముందువరసలో పి.కె. బెనర్జీ, చునీ గోస్వామి, బలరామ్, హైదరాబాదు పోలీసు యూసుఫ్ ఖాన్, వాళ్లతో తలకు కట్టు కట్టుకున్న జర్నైల్. మొదటి ఇరవై నిమిషాల్లోనే బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి. చివర్లో కొరియా ఒకటి తిరిగిచ్చింది. 2-1. బంగారం. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన దేశానికి అదే రెండో స్వర్ణం, ఇప్పటికి అదే చివరిది.

తొమ్మిది నెలలకు ఆయన లేరు.

తర్వాత ఏం జరిగిందో చెబుతాను. 1964 ఆసియా కప్పులో మనం రెండో స్థానంలో నిలిచాం. 1970లో బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో కాంస్యం తెచ్చిన జట్టుకు హైదరాబాదీ నయీముద్దీన్ కెప్టెన్. రహీమ్ గారు వేసిన విత్తు ఇంకా కాస్తోందన్నమాట. తర్వాత క్రమంగా ఎండిపోయింది. 1960 తర్వాత భారత ఫుట్‌బాల్ జట్టు ఒలింపిక్స్‌కు వెళ్లనేలేదు. 1965-66లో సంతోష్ ట్రోఫీ ఆంధ్రప్రదేశ్ గెలిచింది, మన రాష్ట్రానికి ఆ కప్పు అదొక్కసారే.

ఒక మనిషి పోతే ఇంత నష్టమా అని అడగవచ్చు. నా జవాబు సూటిగానే ఉంటుంది. ఆయన తెలివి మనిషిలో ఉంది, వ్యవస్థలో పెట్టలేదు. పెట్టవలసింది ఆయన కాదు, ఆయన్ని జీతం లేని మహానుభావుడిగా వాడుకున్న సంస్థలు. ఎడమకాలి పోటీలను ఏ శిక్షణ కళాశాలా పాఠ్యాంశం చేయలేదు. ఎత్తు లెక్క పోటీలను ఏ జిల్లా సంఘమూ నియమంగా పెట్టుకోలేదు. ద్రోణాచార్య పురస్కారం 1985లో మొదలైంది, అప్పటికి ఆయన పోయి 22 ఏళ్లు. ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ రోమ్ ఒలింపిక్స్ జట్టులో సభ్యుడు, వైమానిక దళం అధికారి, అంతర్జాతీయ రిఫరీ. తండ్రి పేరు నిలబెట్టాలని చివరిదాకా తాపత్రయపడి 2021లో కన్నుమూశారు. 2024లో రహీమ్ గారి మీద హిందీలో మైదాన్ సినిమా వచ్చింది. సంతోషమే. కానీ సినిమా చూసి ఎవరూ ఎడమకాలితో తన్నడం నేర్చుకోరు.

ఇక్కడ కూర్చున్న పీఈటీ మాస్టార్లకు నా విన్నపం ఇది. ఈ ఏడు దసరా సెలవులకు ముందు తెనాలిలో ఒకటి, బాపట్లలో ఒకటి, రేపల్లెలో ఒకటి, మూడు పోటీలు పెట్టండి. పన్నెండు పదమూడేళ్ల పిల్లలకు. బలమైన కాలితో బంతి తాకితే ఫౌల్. ఎత్తు దాటినవాడికి వేరే జట్టు. ఆడపిల్లలకూ అవే నియమాలతో అవే పోటీలు. బంతులకు, ఈలలకు, తాగేనీళ్లకు అయ్యే ఖర్చు ఈ సభ నిర్వాహకులు భరిస్తామని ఒప్పుకున్నారు. పేర్లు ఇవ్వదలిచిన మాస్టార్లు సభ అయ్యాక వేదిక దగ్గరికి రండి.